పాటకు ఇవ్వని మాట

"ఏమే, గంజిలో ఉప్పెక్కువేసినావు."

"ఇట్టా ఇయ్యి, ఇంకొంచెం నీళ్ళు పోస్తా."

"వద్దులే. బాగుండాది."

మా ఆయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. ఆ గంజి తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నాను. ఉదయగిరి ఎండలకు పొద్దున పూటే కునుకు పట్టడం కొత్తేమీ కాదు. గ్లాసు తీయబోతే చెయ్యి తగిలింది. అంతే, తెలిసిపోయింది.

చెప్పేది నేను, రాసేది మా చెల్లెలి కూతురు. ఈ మాటలు ముందు రాయమంటే, పెన్ను ఆపి "ఇంతేనా పెద్దమ్మా?" అంది. ఇంతే మరి. చచ్చిపోయేవాడు చచ్చిపోతున్నానని చెప్పి పోతాడా? కానీ ఈ కాస్త మాట కోసమే ఈ ఏడు ఆత్మకూరు పోవాలా వద్దా అని నేను లోపల్లోపల చాలా కొట్టుకున్నాను.

ఆత్మకూరులో ఏటా చలికాలంలో పాటల కూటం పెడతారు. పాడేది ఒకే ఒక్క ముసలాయన. తను కట్టినవి తప్ప ఇంకొకరి పాట నోట పట్టడు. మా పాస్టరుగారికి ఆయనంటే గిట్టదు. ఎందుకంటే ఆ పాటల్లో దేవుడితో పాటు బస్సు కండక్టరు, కరెంటు కోత, ఉడకని కందిపప్పు అన్నీ వస్తాయి. మనిషి కూడా ఒక తీరుగా ఉండడు. పందిరి కిందే కూర్చుంటాడు, అయినా నెత్తిన గొడుగు వేసుకునే పాడతాడు. ఆయన హార్మోనియంలో ఒక మెట్టు పలకదు. బాగుచేయించుకోడు. ఆ మెట్టు వచ్చినప్పుడల్లా నోటితోనే ఆ స్వరం పలికిస్తాడు. ఎవరైనా చప్పట్లు కొడితే పాట ఆపేసి తిడతాడు. "బిడ్డ పుట్టిందా యాడన్నా? ఆ ఇంటికి పోయి కొట్టుకోండి" అంటాడు.

మా ఆయన బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఊళ్ళో మోటార్లన్నీ ఆగిపోయినా ఆ కూటం మాత్రం మానేవాడు కాదు. కంచు తాళాలు గుడ్డసంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ముందు వరసలో కూర్చునేవాడు. తాళం అసలు కుదిరేది కాదు. ఆయన తాళం ఒక దారి, పాట ఒక దారి. పైనుంచి ఆ ముసలాయన గొడుగు వంచి చూసి, "ఓ తాళాల మనిషీ, ఆ మోటారు ఆపరా సామీ!" అనేవాడు. జనం గొల్లుమనేవాళ్ళు. మా ఆయన సిగ్గుపడేవాడు కాదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కవాళ్ళకు చెప్పుకునేవాడు. "చూసినావా, అంతమందిలో నన్నొక్కణ్ణే గుర్తుపట్టినాడు!"

కూటం చివర్లో ఒక పాట ఉంటుంది. దానికోసమే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కలువాయి నుంచి, వరికుంటపాడు నుంచి కూడా వస్తారు. వరస ఏటా ఒకటే, మాటలు మాత్రం కొత్తవి. "ఈ ఏడు పోయినోళ్ళ ఇంటోళ్ళు లేయండి" అంటాడు. లేస్తారు. "ఏమన్నాడమ్మా పోతా?" అని అడుగుతాడు. వాళ్ళు చెప్పిన మాటను ఉన్నదున్నట్టే వరసలో పెట్టి పాడతాడు. పందిరిలో ఉన్నవాళ్ళందరూ ఆ మాట అందుకుంటారు. దేవుడి మాటలు అక్కర్లేదు ఆయనకు. ఒకసారి కలిగిరి నుంచి వచ్చినామె లేచి, "బర్రెకి నీళ్ళు పెట్టినావా అన్నాడయ్యా" అంది. మొదట నవ్వారు జనం. ఆయన వరసలో పెట్టాడు. బర్రెకి నీళ్ళు పెట్టినావా, బర్రెకి నీళ్ళు పెట్టినావా అని అంతమంది పాడుతుంటే, నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన తాళాలు ఒళ్ళో పెట్టేసి నేల చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి ఏడు కూటంలో ఆమె మళ్ళీ కనిపించింది. పక్కన చోటిచ్చాను. ఆ పాట అప్పటికే ఫోన్లలోకి ఎక్కింది. ఆటోల్లో వేస్తున్నారు, కలుపు తీసేవాళ్ళు పాడుతున్నారు. "నీ మొగుడు మాట ఊరూరా పాడతాండారు, ఎంత అదృష్టం" అన్నాను. ఆమె నా మొహం చూసింది.

"అక్కా, ఆ మాట తలుచుకుంటే ఆయన గొంతు రావడంలా. ఈ పాటాయన గొంతే వస్తాండాది. మా ఆయన ఎట్టా అన్నాడో మర్చిపోయినా."

అప్పుడు ఆమె బాధ నాకు సగమే అర్థమైంది. మొగుడు పక్కనే కూర్చుని తాళాలు తుడుచుకుంటుంటే మిగతా సగం ఎట్లా అర్థమవుతుంది?

ఆయన పోయిన తర్వాత అర్థమైంది. "వద్దులే. బాగుండాది." ఆ "వద్దులే" దగ్గర మా ఆయన కొంచెం సాగదీశాడు. "బాగుండాది" అనేటప్పుడు గ్లాసు మూతి దగ్గరే ఉంది. మాట గ్లాసులోకి పోయి, కాస్త బొంగురుగా బయటికి వచ్చింది. ఫోటోలు ఉన్నాయి, ఆయన చొక్కాలు ఉన్నాయి. గొంతు మాత్రం ఆ ఒక్క మాటలోనే మిగిలింది నాకు. ఒకరోజు కసువు ఊడుస్తుంటే ఆ మాట నా నోట్లోనే ఆ ముసలాయన వరసలోకి పోయింది. చక్కగా సరిపోయింది. అంతమంది కలిసి పాడితే ఎంత బాగుంటుందో కూడా చెవులకు వినిపించింది. చీపురు అక్కడే పడేసి బయటికి వచ్చి కూర్చున్నాను.

పోకుండా ఉంటే సరిపోయేది కదా అంటారు. ఆ ముసలాయన పాటంటే నాకు ప్రాణం. పైగా ఈ ఏడాదితో సరి, ఇక రాలేడని పందిరి వేసేవాళ్ళే చెప్పుకుంటున్నారు. పోతే మా ఆయన గొంతు పోతుంది. పోకపోతే ఈయన గొంతు ఇక వినను.

కూటం రోజు మా ఆడబిడ్డ వచ్చింది. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు.

"ఏంది వదినా, ఇంకా చీర మార్చలా? అన్నుంటే ఈపాటికి బస్టాండులో నిలబడి బస్సును తిడతా ఉండేవోడు."

"మీ అన్నుంటే నేనెందుకు ఆగుతానమ్మీ?"

"లెయ్. ఈ ఏడు అన్న మాట పాడతాడు. అందరూ తలుచుకుంటారు."

"అదే నాకు వద్దు."

"వద్దంటే ఎట్టా? నాకూ అన్నే గదా. ఆఖరికి ఏమన్నాడో నాకే చెప్పలేదు నువ్వు. అంత దాచిపెట్టుకునేదానికి నిధి ఏమన్నా చూపించి పోయినాడా?"

నవ్వుతూనే అంది కానీ కళ్ళలో నవ్వు లేదు. లేచి చీర మార్చుకున్నాను.

ఆత్మకూరులో దిగేసరికి పొద్దు ఇంకా ఉంది. ఆడబిడ్డను చోటు పట్టమని పంపి, నేను పందిరి వెనక్కి పోయాను. ముసలాయన ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు కింద కూర్చుని వేణ్ణీళ్ళు తాగుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి గొడుగు ఎత్తాడు.

"ఏం మే, నీ మొగుడు యాడ? పాట చెడగొట్టను రాలేదా?"

"చెడగొట్టేవాడు పోయినాడయ్యా. ఎండాకాలంలో."

ఆయన గొడుగు మూసి కింద పెట్టాడు. ఆ తలను గొడుగు లేకుండా చూడటం నాకదే మొదలు. నెత్తిమీద నాలుగు వెంట్రుకలు కూడా లేవు.

"ఏమన్నాడు పోతా?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"నీకైతే అసలే చెప్పను. చెప్తే పాటైపోతాది."

వేణ్ణీళ్ళ గ్లాసు పక్కన పెట్టాడు. "ఇన్నేండ్లు ముందు వరసలో కూచోని ఊరోళ్ళ మాటలకి ఏడ్చి పోయినావే. నీదైతే కొంగున ముడేసుకుంటావా?"

ఆ మాట సూటిగా తగిలింది. అందులో తప్పేముంది? ఎందరి మాటలు విన్నాను నేను! కలిగిరామె మాటకు ఏడ్చి, ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను.

"అవునయ్యా, ముడేసుకుంటా" అన్నాను.

"సరే. నిన్ను అడగనులే. కూచోని వినిపో. మళ్ళీ వచ్చేదానికి నాకు ఊపిరి లేదు."

"నువ్వు అడగకపోయినా వరస మొదలైతే నా నోరే చెప్పేస్తాదయ్యా."

"అయితే పో" అన్నాడు. కోపంగా అనలేదు. "బస్సు దొరికితే పో. ఇక్కడుంటే ఆగలేవు."

మొక్కి, ఆడబిడ్డకు కూడా చెప్పకుండా వచ్చేశాను. ఉదయగిరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుంటే మైకు అక్కడిదాకా వినిపించింది. మొదటి పాట ఎత్తుకున్నాడు. పైకి పోయేచోట గొంతు చీలింది, దగ్గాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. డ్రైవరు ఎక్కి ఇంజను వేశాడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. దిగిపోదామని ఒకసారి లేచాను. కండక్టరు "ఎక్కడికమ్మా?" అన్నాడు. ఉదయగిరి అని చెప్పి కూర్చున్నాను.

మర్నాడు ఆడబిడ్డ నేరుగా మా ఇంటికే వచ్చింది. వాకిట్లోనే నిలబడింది, లోపలికి రాలేదు.

"పోయినోళ్ళ ఇంటోళ్ళు లేయండన్నాడు వదినా. లేచినా. మా అన్న పోయినాడయ్యా అన్నా. ఏమన్నాడని అడిగినాడు. నాకు తెలీదయ్యా అన్నా." అక్కడ ఆగి ముక్కు చీదుకుంది. "దాన్నే పాడినాడు. నాకు తెలీదయ్యా, నాకు తెలీదయ్యా అని పందిరంతా పాడినారు. మా అన్న మాట నాకే తెలీదని ఊరంతా పాడినారు వదినా."

దగ్గరకు తీసుకోబోతే చెయ్యి విదిలించుకుంది. "నీకు ఆయన మొగుడే. నాకు పుట్టినప్పట్నించి అన్న" అని వెళ్ళిపోయింది.

అప్పట్నించి ఆలోచిస్తున్నాను. ఆ మాట చెప్పాల్సింది ఆ ముసలాయనకు కాదు, ఈమెకు. నోటితో చెబుదామంటే భయం. చెబుతుంటే వరసలోకి పోతుందేమో, పోకపోయినా ఆమె చెవిలో నా గొంతు ఆయన గొంతు మీద పడుతుందేమో. అందుకని రాయిస్తున్నాను. ఆమె చదువుకున్న మనిషి. ఆమె కళ్ళతో చదువుకుంటే ఆమెకు తెలిసిన అన్న గొంతే ఆమెకు వినిపిస్తుంది. నాకు నాది ఉంటుంది. ఇద్దరం ఆయన్ను పంచుకున్నట్టవుతుంది, ఎవరం పోగొట్టుకోకుండా.

అయిపోయింది పాపా. పొద్దున నువ్వే తీసుకుపోయి ఆమె చేతికియ్యి. గట్టిగా చదవొద్దని చెప్పు. ఇప్పుడు మొదట్నించి నాకొకసారి చదివి వినిపించు. నిదానంగా చదువు, రాగం తియ్యమాక.