మెంతులు కలిపిన పొడి

పుంగనూరు బస్టాండు దగ్గర అశ్వత్థయ్యది చిన్న చిల్లర అంగడి. నీరసమని ఎవరొచ్చినా ముందు వెలుతురులోకి రమ్మని ముఖం, గోళ్లు చూసేవాడు. ఆ తరువాతే డబ్బాల మీద చెయ్యి వేసేవాడు. నువ్వులను అరచేతిలో నలిపి వాసన చూసేవాడు. వేరుశనగ పప్పును పంటితో కొరికి, పుచ్చు లేదని తేలాకే మొలకెత్తిన రాగుల పిండితో, బెల్లంతో కలిపి దంచి పొట్లం కట్టేవాడు. అలా దంచేటప్పుడు సొంత ఇంటికి చేసుకుంటున్నట్టే ఉండేది ఆయన వాలకం.

డెబ్బై తొమ్మిది వేసవిలో, రోజూ పల్లె నుంచి పాలు మోసుకొచ్చే మునెమ్మ రెండోసారి వచ్చింది. ఆమె గోళ్లు సున్నంలా పాలిపోయి ఉన్నాయి. “పోయిన నెల ఇచ్చిన పొడి తింటివా అమ్మా?” అని అడిగాడు అశ్వత్థయ్య. “యాడప్పా! కమ్మగా ఉండాదని పిల్లోళ్లు అడిగిరి. పెట్టేస్తి” అంది మునెమ్మ. తల్లికి ఏం చెప్పినా పిల్లలకు పెట్టకుండా ఉండలేదని ఆయనకు తెలుసు. అందుకే ఈసారి బెల్లం తగ్గించి, వేయించిన మెంతులు గుప్పెడు వేసి దంచి, చిటికెడు ఆమె చేతిలో పెట్టాడు. మునెమ్మ నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది. “అబ్బా, ఇంత సేదా! దీన్ని పిల్లోళ్లు నోట పెడతారాప్పా?”

“పెట్టరు. అందుకే కలిపితి. వాళ్లకు తియ్యగా ఇంకో పొట్లం కడతా. ఇది మాత్రం నీదే తల్లీ.”

మునెమ్మ ఆ పొట్లాన్ని రెండు చేతులా అందుకుంది. తరువాత పాలబిందె దించి, అరుగు మీద కూర్చుని, ఇంకో చిటికెడు నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది.