పేరు పెట్టాలంటే పెద్దది కావాలి

సూడోస్కార్పియన్ అంటే తోక లేని బుల్లి తేలు. నూకగింజంత ఉంటుంది, మనుషుల జోలికి రాదు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో, భీమవరం దగ్గర మా బాబాయి గారి చేలగట్టున, తుమ్మ బెరడు కింద నాకొకటి దొరికింది. ఏ పుస్తకంలోని వర్ణనకూ సరిపోలేదు. కొత్త జాతికి పేరు పెట్టబోతున్నానని గాల్లో తేలిపోయాను.

రాజమండ్రిలో మా గైడు గారు దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, పటకారులాంటి ముందు డెక్క మీది పొడవాటి వెంట్రుకలు లెక్కపెట్టారు.

“పదే ఉన్నాయమ్మా. పెద్దదానికి పన్నెండుంటాయి. ఇది పిల్ల. పిల్లని చూసి జాతికి పేరు పెట్టలేం. పెద్దది పట్రా” అన్నారు.

చుట్టుపక్కల ఊళ్లలో తుమ్మలన్నీ గాలించాను. ఎక్కడా లేదు. ఇంతలో బాబాయి గారు ఆ గట్టు కొట్టించి రొయ్యల చెరువు తవ్విస్తున్నారని తెలిసింది. పరుగున వెళ్లేసరికి పొక్లెయిన్ సగం చెట్లు కూల్చేసింది.

“ఒక్క పూట ఆపించండి బాబాయ్!”

“పురుగు కోసం మిషనాపమంటావేంటమ్మా? అది ఇటొచ్చేలోపు చూసేసుకో.”

ఒళ్లు మండిపోయింది. కానీ పోట్లాడే తీరిక లేదు. చెట్టు తర్వాత చెట్టు బెరడు ఒలుస్తూ పోయాను. చీమలు, సాలీళ్లు తప్ప ఏమీ లేవు. మిషను చప్పుడు వీపు వెనకే వినబడుతోంది. చివరి చెట్టు దగ్గర నా మొహం చూసి జాలేసిందో ఏమో, బాబాయి గారే కత్తి తీసుకుని బెరడు లేపారు.

“ఇదేనేంటి?”

బెరడు లోపలి వైపు తెల్లటి పట్టుగూడు, అందులో కదులుతూ నా తేలు! జారిపోతుందేమోనన్న భయంతో, ఎప్పటి అలవాటు చొప్పున గూడు చీల్చి దాన్ని స్పిరిట్ సీసాలో వేసి మూత బిగించాను. మేం పక్కకు జరగగానే ఆ చెట్టూ కూలింది.

మర్నాడు గైడు గారు లెక్కపెడుతుంటే పక్కనే నిలబడ్డాను. పది దగ్గర ఆగారు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు.

“ఇదెక్కడుందమ్మా?”

“పట్టుగూట్లో అండి.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“కుబుసం విడవడానికే ఇవి అలా గూడు కట్టుకుంటాయి. ప్రాణంతో తెచ్చుంటే, కొన్నాళ్లకి పెద్దదై అదే బయటికొచ్చేది కదమ్మా.”

ఆయన ముందే ఏడ్చేశాను. ఆ గట్టున ఇక ఒక్క తుమ్మ కూడా లేదు.