సొన పుండు

నూజివీడు చుట్టుపక్కల పెదవి మీద పుండు లేస్తే ఎవరూ డాక్టరు దాకా వెళ్లేవాళ్లు కాదు. మామిడికాయ ముచ్చిక దగ్గర కారే సొన తగిలిందనేవాళ్లు, ఇంత వెన్న రాసి ఊరుకునేవాళ్లు. మా నాన్న మామిడి వ్యాపారి. పూత మీదే తోటలు కొని, మార్చి నుంచి జూన్ దాకా పగలంతా చాట్రాయి వైపు తోటల్లోనే ఉండేవారు. కోతల రోజుల్లో కొమ్మల మీదున్న మనుషులకి ఏ కాయ కొయ్యాలో చెబుతూ, పొద్దున్నుంచీ మొహం పైకెత్తి నిలబడేవారు. కాయ ముచ్చిక కొరికి చూసే అలవాటు కూడా ఉండేది. కాబట్టి ఆయన కింది పెదవి మీద ఏటా పుండు ఉండేదే. మేమెవరమూ దాన్ని పట్టించుకోలేదు.

నేను ఎనిమిదో తరగతి చదివే ఏడాది అది మానలేదు. ఆగస్టులో ఒకరోజు అన్నం వడ్డిస్తూ అమ్మ ఆయన మొహంలోకి చూసి ఆగిపోయింది.

"కాయలైపోయి రెండు నెలలైందండీ. ఇంకా సొన పుండేంటి?"

మర్నాడే ఇద్దరూ విజయవాడ బస్సెక్కారు. డాక్టరు ముక్క తీసి పరీక్ష చేయించి, ఇది సొన కాదు, ఇన్నేళ్ల ఎండ చేసిన పని, అశ్రద్ధ చేస్తే క్యాన్సరవుతుందన్నాడట. పుండు కోసేసి, ఎండ తగలకుండా కాపాడే మందు ట్యూబు ఒకటి రాసిచ్చాడు. మబ్బు పట్టినా సరే, కాలు బయటపెట్టే ముందు రోజూ పెదవికీ ముక్కుకీ పట్టించాలన్నాడు.

ఆ మందు సున్నంలా తెల్లగా, దళసరిగా ఉండేది. నాన్న బుద్ధిగా రాసుకునేవారు. మరుసటి వేసవిలో ఒకరోజు నాన్న కాయలు అమ్మకానికి తెస్తే, క్యారేజీ ఇవ్వడానికి నేను మార్కెట్‌కి వెళ్లాను. తోటి వ్యాపారులు పదిమంది దాకా ఉన్నారు. అప్పట్లో నేను పెద్ద మాటకారిననుకునేదాన్ని.

"ఏంటి నాన్నా, పెరుగన్నం తిని మూతి కడుక్కోలేదా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, కండువాతో తుడిచేసుకున్నారు.

ఆ తర్వాత ఇంట్లో అమ్మ ముందు రాసుకునేవారు, వీధి మలుపులో తుడిచేసుకునేవారు. ఆ సంగతి నాకు తెలుసు. కండువా మీద తెల్ల మరకలు ఉతికింది నేనే. అమ్మతో చెబితే నా వెటకారం బయటపడుతుందని నోరు మెదపలేదు. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండేళ్లకి పుండు మళ్లీ లేచింది. ఈసారి సగం పెదవి తీసేశారు. మంచినీళ్లు తాగితే పక్కనుంచి కారిపోయేవి. బేరమాడేటప్పుడు కండువా నోటికి అడ్డం పెట్టుకునేవారు. నన్ను మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు.

నేను డిగ్రీలో చేరి మొదటిరోజు కాలేజీకి బయల్దేరుతుంటే, నాన్న గుమ్మం దగ్గర ఆపి ఒక కొత్త ట్యూబు నా చేతిలో పెట్టారు. మాట సరిగ్గా పలికేది కాదు, అందుకని నెమ్మదిగా చెప్పారు.

"రోజూ రాసుకో తల్లీ. ఎవరు నవ్వినా తుడుచుకోకు."