అరికాలి మట్టం

నా పనితనమంతా నా అరికాళ్లలో ఉండేది. గొప్పకు చెప్పడం లేదు. గొప్పకు పోయే చెడ్డాను కాబట్టి చెప్పుకోక తప్పదు.

ఇళ్లలో ప్లాస్టిక్ గడ్డి పరచడం నా పని. బాల్కనీ గడ్డి అయితే ఎవరైనా పరుస్తారు. గోల్ఫ్ పిచ్చి ఉన్నవాళ్లు పెరట్లోనో మేడ మీదో వేయించుకునే పుటింగ్ గ్రీన్ సంగతి వేరు. బంతిని మెల్లగా తట్టి గుంతలోకి పంపే చోటు అది. కింద రాతిపొడి పోసి, నీళ్లు చల్లి, దిమ్మెసతో కొట్టి చదును చేయాలి. గోరంత పల్లం ఉన్నా బంతి దారి తప్పుతుంది. రసమట్టం పెట్టి, బుడగ చూసి అంతా సరే అనుకున్నాక, నేను చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని ఆ పొడి మీద అడ్డంగా, నిలువుగా నడిచేవాణ్ణి. పల్లం ఎక్కడుందో కాలే చెప్పేది. నాతో పాటు ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మా బామ్మర్ది అక్కడ గుప్పెడు పొడి వేసి సర్దేవాడు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల బంగళాల్లో "కళ్లు మూసుకుని నడిచే మేస్త్రీ" అంటే నేనే. ఆ పేరు నెత్తికెక్కింది. కొన్నాళ్లకు రసమట్టాన్ని సంచిలోంచి తీయడమే మానేశాను.

షుగర్ వచ్చి అప్పటికే చాలా ఏళ్లు. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాణ్ణి. ఓ చలికాలం నుంచి నేల మీద నడుస్తుంటే దూది తొక్కుతున్నట్టు ఉండేది. ఒకసారి మౌలాలి స్టేషన్లో చెప్పు జారిపోయిన సంగతే తెలియక ఒంటి చెప్పుతో రైలెక్కాను. ఎదుటి సీటాయన చూసి నవ్వితే ఆయన మీదే కస్సుమన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పు తెగిందని చెప్పాను. అసలు సంగతి చెబితే పని పోతుందని భయం. నిజానికి పని కంటే పేరు పోతుందనే ఎక్కువ భయం.

ఆ మే నెలలో ఓ రిటైర్డ్ ఆఫీసరుగారి పెరట్లో పని పడింది. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయి, మైదానానికి వెళ్లలేని మనిషి. "నాకు మిగిలిన ఆట ఇదొక్కటే మేస్త్రీ. బంతి నన్ను మోసం చేయకూడదు" అన్నాడు.

రాతిపొడి సిద్ధమయ్యాక ఎప్పటిలాగే కళ్లు మూసుకుని నడిచాను. కాలికి ఏమీ తగల్లేదు. ఏమీ తగలకపోతే చదునుగా ఉన్నట్టే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"జెర రసమట్టం పెట్టి సుత చూద్దామా బావా?" అన్నాడు బామ్మర్ది.

"ఏందిరా, నా కాళ్ల మీద నమ్మకం లేదా?" అని ఎగిరిపడ్డాను. వాడు గడ్డి చుట్ట విప్పడానికి వెళ్లాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి గడ్డి అతికించి, ఇసుక చల్లి, బ్రష్ కొట్టడం అయిపోయింది. ఆఫీసరుగారినీ ఆయన భార్యనూ పిలిచి, వాళ్ల ముందు మరోసారి వట్టి కాళ్లతో నడిచి, గుంత పక్కన నిలబడ్డాను. ఆవిడ చెప్పులు విడిచి గడ్డి అంచున పాదం మోపి, "అమ్మో!" అని వెనక్కి గెంతింది. "పెనంలా కాలుతోంది! మీరెలా నిలబడ్డారండీ?"

"అలవాటే అమ్మా" అని నవ్వాను.

ఆఫీసరుగారు బంతిని తట్టాడు. అది తిన్నగా వచ్చి, గుంతకు మూరెడు దూరంలో ఎడమకు తిరిగి గోడ దాకా పోయింది. రెండో బంతీ అదే దారిన పోయింది. ఆయన మూడో బంతి తట్టకుండా కర్రను గోడకు ఆనించాడు. తిట్టినా బాగుండేది.

"బావా, కాళ్లు జూస్కో" అన్నాడు బామ్మర్ది.

చూసుకున్నాను. అరికాళ్లు బొబ్బలెక్కి, ఒకచోట తోలు ఊడి వేలాడుతోంది. నొప్పి ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూశాను. రాలేదు. అప్పుడు ఏడ్చాను, అందరి ముందూ, ఆ గడ్డి మీదే కూలబడి.

డాక్టరు దగ్గర ఒక సన్నటి నైలాన్ పోగు ఉంది. మా ప్లాస్టిక్ గడ్డిపోచలాంటిదే. "కళ్లు మూసుకోండి. కాలికి ఇది తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ మొదలుపెట్టడేమిటని విసుగొచ్చింది.

"ఎప్పుడు షురూ చేస్తరు సార్?"

"అయిపోయిందండీ. రెండు పాదాలూ చూశాను" అన్నాడాయన. పోయిన స్పర్శ ఇక రాదు, ఉన్నదాన్ని కాపాడుకోమన్నాడు.

ఆఫీసరుగారి గడ్డి లేపి, బామ్మర్ది రసమట్టం పెట్టి మళ్లీ వేశాడు. నేను కట్లు కట్టిన కాళ్లతో వరండాలో కూర్చుని చూశాను. బంతి తిన్నగా గుంతలో పడింది. "ఇప్పుడు బాగుంది మేస్త్రీ" అని ఆయన నాతో అన్నాడు. ఆ మాట ఆయన అనాల్సింది బామ్మర్దితో.

కాళ్లు మానాక మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకుని పనికి పోతున్నాను. వట్టి కాళ్లతో ఇప్పుడు వాడు నడుస్తాడు. నేను మోకాళ్ల మీద వంగి, అరచేతులతో తడిమి చూస్తాను. చేతులు కూడా చెబుతాయని తెలిసి కొన్ని నెలలు ప్రాణం లేచొచ్చినట్టుండేది. పొద్దున్నే వేళ్ల కొసలు తిమ్మిరెక్కి ఉంటున్నాయని మాత్రం ఈసారీ ఎవరికీ చెప్పలేదు.

మొన్న పొద్దున మా ఆవిడ స్టీలు గ్లాసులో చాయ్ పోసిచ్చింది. పిడికిలి నిండా పట్టుకుని, ఆ రోజు పని ఎక్కడో చెబుతున్నాను. ఆమె నా చేతి వైపే చూస్తోంది.

"గట్లెట్ల పట్టుకున్నవ్? ఇప్పుడే పొయ్యి మీదికెళ్లి దించిన."

"అలవాటే" అన్నాను.

ఆమె కొంగుతో గ్లాసు అందుకుని పక్కన పెట్టింది. నా చెయ్యి ఒళ్లోకి తీసుకుని, చిటికెన వేలి నుంచి ఒక్కో వేలి కొసా నొక్కుతూ "తెలుస్తుందా?" అని అడిగింది. నేను కిటికీ వైపు చూస్తూ తెలుస్తోందంటూ వచ్చాను. బొటనవేలు దగ్గర కూడా అడిగింది. తెలుస్తోందన్నాను.

తల తిప్పి చూస్తే, నా చెయ్యి ఆమె ఒళ్లో ఒంటరిగా పడి ఉంది. ఆమె రెండు చేతులూ తన మొహం మీద ఉన్నాయి.