మైల గోడలు

లక్సెట్టిపేటలో నా ఉద్యోగం సూక్ష్మదర్శినిలో నెత్తుటి చుక్కలు చూడటం. మలేరియా జీవికి ఒళ్లంతా కలిపి ఒకటే కణం. అది మన ఎర్రకణంలో దూరి ఉంగరంలా కనిపిస్తుంది. అక్కడే తిని, పెరిగి, ముక్కలై, కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. కొన్ని మాత్రం నెలవంకల్లా మారి, దోమ ఎప్పుడు కుడుతుందా అని నెత్తుట్లో కాచుకుని ఉంటాయి. తలా మెదడూ లేనిదానికి ఇన్ని వేషాలెందుకని నాకు ఒళ్లు మండేది.

దోమలు వాలే ఇంటి గోడలకు మా మలేరియా శాఖవాళ్లు మందు కొట్టేవారు. అలా కొట్టిన ఒక ఊరి నుంచి వచ్చిన చిన్నపిల్ల నెత్తుట్లో నెలవంకలు కనిపించాయి. వాళ్లింటికి వెళ్లి చూస్తే గోడల మీద మందు జాడే లేదు. అంతా కొత్తగా పూసిన ఎర్రమన్ను.

"మందు మీద మన్నెందుకు పూసినవమ్మా?" అని కోపంగా అడిగాను.

"మీరు మందు కొట్టి పోయినంక మా పెద్దోడు జరమొచ్చి సచ్చిపోయిండు సారూ. మైలైన ఇల్లు పుయ్యకుంట ఎట్లుంటం?" అంది తల్లి.

పిల్లకు మాత్రలిచ్చాను. గోడలకు మళ్లీ మందు కొట్టించాను. మన్ను పూస్తే మందు పనిచేయదని చెబితే ఆమె బుద్ధిగా తలూపింది.

మరుసటి నెల వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఎర్రమన్ను కలుపుతోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. పిల్ల ఏదని నేను అడగలేదు.