లోటు లేని పెళ్లికొడుకు

ఆ రోజుల్లో మా ములకలపల్లిలో పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయిని జీతమెంత, పొలమెంత అని అడిగేవారు. మా ఇంట్లో మాత్రం దేవుడున్నాడని ఒప్పుకుంటావా అని అడిగేవారు. అడిగేది మా మేనమామ. ఖమ్మం కాలేజీలో తత్వశాస్త్రం చదివొచ్చాక ఆయన తర్కానికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. (ఆయన సరేననకపోతే మా నాన్న ఏ సంబంధానికీ తలూపేవాడు కాదు, అదీ నా ఖర్మ.)

మధిర నుంచి వచ్చిన బ్యాంకు క్లర్కు నాకు చూడగానే నచ్చాడు. పకోడీల పళ్లెం పెట్టి లోపలికొచ్చి, తలుపు సందులోంచి వింటున్నాను. మామ మొదలుపెట్టనే పెట్టాడు. "ఏ లోటూ లేనోన్ని మనసుల తలుసుకో. లేకపోవుడు గూడ ఒక లోటే గద? లోటు లేనోనికి ఆ లోటు మాత్రం ఎట్ల ఉంటది? గందుకే దేవుడున్నడు. అవునా, కాదా?" అవునంటే పోయేదేముంది? తలూపి పకోడీ తినొచ్చుగా. ఈయన ఊపలేదు.

"నేనూ ఏటా భద్రాచలం వెళ్తానండీ. దేవుడున్నాడు. మీ లెక్కే కుదరట్లేదు. కోడలికి చదువుండాలి, ఓపికుండాలి, వంట రావాలని మా అమ్మ చాలా చెప్పింది. వాటితోపాటు ఆ పిల్ల అసలు లోకంలో ఉండాలని మాత్రం చెప్పలేదు. ఉండటం గుణాల్లో ఒకటి కాదండీ. ఎన్ని గుణాలు అనుకున్నా, అలాంటి పిల్ల ఉందో లేదో బస్సెక్కి వచ్చి చూసుకోవాల్సిందే."

"అంటే దేవుడు లేడంటవ్," అన్నాడు మామ.

"అనలేదండీ."

"అన్నవ్."

పకోడీలు చల్లారేదాకా ఇదే వరస. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది. నాన్న ముఖం ముడుచుకున్నాడు. అబ్బాయి వాళ్లమ్మ కొంగు సర్దుకుని, "ఆఖరి బస్సు పోతుందిరా, లే," అంది. ఆయన లేచి చెప్పుల కోసం చూస్తున్నాడు.

ఇక ఆగలేక గుమ్మంలోకి వచ్చేశాను. "మామా, నాకెసొంటి మొగన్ని తెస్తవో నిరుడు చెప్పినవ్. చదువు, కొలువు, గుణం, దేంట్లనూ లోటుండదన్నవ్. నీ లెక్కన లోటు లేనోడు ఉండి తీరాలె గద. ఏడున్నడు?"

మామ చల్లారిన పకోడీ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నాన్న నవ్వాపుకోలేక దగ్గాడు. అబ్బాయి వాళ్లమ్మ నన్ను ఎగాదిగా చూసి కూర్చుంది.

తన వాదాన్నే నిలబెట్టానని మా ఆయన ఇప్పటికీ మురిసిపోతుంటాడు. మురవనీ. గుమ్మంలోకి దూసుకొచ్చిన ఆనాటి నాలోని ఆ పిల్లను తలచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఎవరి తర్కం గెలిస్తే దానికేం? ఆ మనిషి చెప్పులు తొడుక్కోకుండా ఉంటే చాలు.