మేకపిల్లకు తెలియని ఇల్లు

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది. రాయకపోవడానికి కారణం చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు గనుక చెబుతున్నాను. నడివయసులో కూడబలుక్కొని చదవడం వచ్చింది గానీ, నాలుగు వాక్యాలు వరసగా రాసే చెయ్యి చాలా ఏళ్ళకు గానీ కుదరలేదు. కుదిరాక కూడా, బాలవాడిలో ఆయాగా చేసిన మనిషికి ఆ రోజుల్లో అక్షరం ముక్క రాదని నలుగురికీ తెలియడమెందుకని ఊరుకున్నాను. మొన్న మా మనవరాలు తన కూతురి కోసం ఫోనులో ఒక కథల ఆట దించి, పాపకిది పెట్టొచ్చో లేదో చూసి చెప్పమని నా చేతికిచ్చింది. ఏనుగు దారి వెతుక్కుంటూ ఉంటే పిల్ల వేలితో తాకి చూపించాలి. నేను చాలాసేపు చూసి, పిల్ల తప్పు తాకితే అదేమంటుందో చూపించమన్నాను. ముందుగా అదే ఎందుకు అడిగానో మనవరాలికి అర్థం కాలేదు. నా ఈడు వాళ్ళకు చెబితే తెలుస్తుందని ఈ కాగితాలు ముందేసుకున్నాను.

ఎనభైల చివరి మాట. పల్నాడులో దుర్గికి ఇవతల మా ఊరు. చుట్టూ నాపరాళ్ళ క్వారీలు. మగవాళ్ళు రాయి కొట్టడానికీ ఆడవాళ్ళు మోయడానికీ పోతూ పిల్లల్ని బాలవాడిలో వదిలిపెట్టేవాళ్ళు. ఊడవడం, ఉప్మా వండడం, ముక్కులు తుడవడం నా పని, పాటలూ అక్షరాలూ టీచరమ్మ పని. ఒకరోజు హైదరాబాదు నుంచి ఒక సారూ ఒక మేడమూ జీపులో టీవీ లాంటి పెట్టె ఒకటి, టైపు మిషను లాంటిది ఇంకొకటి తెచ్చి మా గదిలో పెట్టారు. కంప్యూటరంటే అదేనని అప్పుడే విన్నాం. చిన్నపిల్లలు బొమ్మలు చూస్తూ, తామే మీటలు నొక్కి కథను నడిపించుకుంటే మాటలూ అక్షరాలూ తొందరగా పట్టుబడతాయా లేదా అని పరీక్షించడానికి ఊరూరా తిరుగుతున్నారట. మూడు మీటలు తప్ప మిగతావన్నీ అట్టతో కప్పేసి, ఆ మూడింటికీ ఎర్ర, పసుపు, నీలం కాగితాలు అంటించారు.

కథ చిన్నదే. తప్పిపోయిన మేకపిల్ల తెర మీద అరుస్తుంది. కింద మూడు బొమ్మలు, ఒక్కోదానికీ ఒక్కో రంగు. మేకపిల్ల ఇంటికి పోవాలి, ఇల్లు ఏదమ్మా అని మేడం అడుగుతుంది. సరైన మీట నొక్కితే మేకపిల్ల గెంతుకుంటూ తల్లి దగ్గరికి పోయి, 'ఇల్లు' అన్న మాట తెర నిండా వస్తుంది. తప్పు నొక్కితే కీచుమని మోత మోగి మేకపిల్ల గుంటలో పడుతుంది. మా పిల్లలు వరసగా నొక్కారు, మేకపిల్ల వరసగా గుంటలో పడింది. సారు ప్రతిసారీ కాగితం మీద గీత పెడుతూ పోయాడు. మా ఎదురింటి మరిది కూతురు, ఐదు నిండిన పిల్ల, మూడుసార్లూ ఒకే మీట నొక్కి మూడోసారి మోతకు గుక్కపెట్టి ఏడ్చింది.

సొంత మరిది కాదు, వరసకు అలా పిలుచుకునేవాళ్ళం. ఆ ఏడాది పిల్లను ఒకటో తరగతిలో వేస్తానని నాకు మాటిచ్చిన మనిషి, ఊరివాళ్ళతో పాటు కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. "మిషనే చెప్పె గదా వదినా, దీనికి బుర్ర లేదని! బళ్ళో ఏసి ఏం జేసుకోను? రేపట్నించి వాళ్ళమ్మతో క్వారీకి పోయి చంటిదాన్ని ఆడిచ్చుకుంటది" అన్నాడు.

పిల్లను పెరట్లోకి తీసుకుపోయి మొహం కడుగుతూ, "ఏమే, ఇల్లేదో తెలీదా నీకు?" అన్నాను. వెక్కుతూనే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "అది ఇల్లు గాదు, బడి. మేకపిల్ల బడికెందుకు పోద్ది?" అంది.

లోపలికి వచ్చి తెర వంక సరిగ్గా చూశాను. ఎర్ర పెంకులతో, కొప్పు పెట్టినట్టున్న కప్పు. మా ఊళ్ళో అలాంటి కప్పు సర్కారు బడికి ఒక్కదానికే ఉండేది. మిగతావన్నీ నాపరాళ్ళు పరిచిన చదును ఇళ్ళే. పిల్లలందరూ నొక్కింది ఆ పక్కనున్న బొమ్మ. నలుచదరంగా, ముందు చిన్న గడియతో, అచ్చం మా ఇళ్ళలాగే ఉంది. వాళ్ళు దాన్ని పెట్టె అనుకొని గీశారట!

సారుతో చెప్పబోతే ఆయన మర్యాదగానే ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. టీచరమ్మకొకటి, నాకొకటి. మీరు చూసింది ఇందులో రాయండమ్మా, నోటిమాట హైదరాబాదు దాకా రాదు అన్నాడు. టీచరమ్మ దగ్గరికి పోతే, "ఊరుకోవే, వాళ్ళ మిషనుకు మనం వంకలు పెడితే రేపు మనకే వంకలు పెడతారు" అని గొంతు తగ్గించింది. చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు.

పొయ్యి దగ్గర కూర్చొని ఆ కాగితం వంక చూశాను. అన్నీ అక్షరాలే, మధ్యలో నాకు వదిలిన ఖాళీ. చివరికి చల్లారిన బొగ్గుముక్క తీసుకొని ఆ ఖాళీలో చదునుకప్పు ఇల్లు గీసి, గుమ్మం ముందు గుంజకు మేకను కట్టేశాను. పక్కన కొప్పుకప్పు బడి గీసి, జెండా పెట్టి, పిల్లల్ని వరసలో నిలబెట్టాను. వేలికి అంటిన మసితోనే వేలిముద్ర వేశాను.

సారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంటమ్మా, ముగ్గా?" అన్నాడు. మేడం అందుకొని చూసింది, కిటికీలోంచి వీధి వంక చూసింది, మళ్ళీ కాగితం వంక చూసింది. తర్వాత సారుతో ఇంగ్లీషులో ఏదో చెప్పి, నాతో, "మనమే తప్పు గీశాం అక్కా" అంది. చదువుకున్న మనిషి నన్ను అక్కా అనడం అదే మొదలు. ఇంకేమన్నా మార్చాలా అని అడిగితే, పిల్ల తప్పు నొక్కినప్పుడు ఆ మోత తీసేసి మళ్ళీ నెమ్మదిగా అడగమనండి అన్నాను. ఇద్దరూ అన్నం కూడా సరిగ్గా తినకుండా చుక్క చుక్క పేర్చి, సాయంత్రానికి తెర మీద మా ఊరి ఇల్లు నిలబెట్టారు. ఎదురింటి పిల్ల వచ్చి, చెయ్యి వెనక్కి దాచుకొని కాసేపు నిలబడి, ఎర్ర మీట నొక్కింది. మేకపిల్ల ఇల్లు చేరింది. కిటికీ అవతల కేకలే కేకలు. మరిది మాత్రం గొంతు సవరించుకొని, "అయితే పలక కొనాలంటావా వదినా?" అన్నాడు. "ఏంది ఇంకా బేరం? పో, కొనుక్కురా పో!" అన్నాను.

వెళ్ళే ముందు మేడం, నా వేలిముద్ర చూసి కూడా ఆ మాట ఎత్తకుండా, చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఇల్లు' అని రాసి నా చేతిలో పెట్టింది. ఆమె ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మనవరాలి ఫోనులో ఏనుగు దారి తప్పినా ఎవరూ కసరరు, తియ్యగా మళ్ళీ అడుగుతారు. చూసి సంతోషపడ్డాను. కానీ నచ్చితే నొక్కడానికి అందులో నక్షత్రాలున్నాయే గానీ, పిల్ల ఎందుకు తప్పు తాకిందో చెప్పడానికి చోటు ఎక్కడా కనపడలేదు. ఆనాడు ఒక్క మిషను చుట్టూ ఊరంతా మూగింది, దాన్ని చేసినవాళ్ళు ఒక ఆయా గీసిన బొగ్గు గీతల కోసం పని ఆపుకొని కూర్చున్నారు. ఈనాడు పిల్ల ఒక్కతే కూర్చొని ఆడుకుంటోంది.

ఆనాడు మేడం వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున, పిల్లలు రాకముందే బాలవాడికి పోయి, వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, మేడం ఇచ్చిన కాగితం ముందు పెట్టుకొని దుమ్ములో వేలితో 'ఇ' దిద్దాను. వంకరగా వచ్చింది. వాకిలంతా ఊడ్చాను గానీ, ఆ మూరెడు చోటు మాత్రం వదిలేశాను.